బాప్తిస్మం క్లాసులో పాపం, రక్షణ పాఠం ఎలా చెప్పాలి

బాప్తిస్మానికి పేరిచ్చినవాళ్లకు పెట్టే క్లాసుల్లో అన్నిటికన్నా తొందరగా అయిపోయేది పాపం గురించిన పాఠమే. రోమా 3:23 చదివించి, "అందరం పాపులమే" అనిపించి, వెంటనే సిలువ దగ్గరికి వెళ్లిపోతారు. అందరూ పాపులే అనడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. "నేను ఫలానా పని చేశాను, అది దేవునికి విరోధం" అనడం దగ్గరే నోరు పెగలదు. పాఠం అక్కడిదాకా వెళ్లకపోతే, రక్షణ ఎందుకో తెలియకుండానే మనిషి నీళ్లలోకి దిగుతాడు. ఒంగోలు, కందుకూరు, కావలి చుట్టుపక్కల ఊళ్లలో ఈ క్లాసులు నడిపే సంఘ పెద్దలకు, సండే స్కూల్ టీచర్లకు పనికొచ్చే పద్ధతి ఇది.

వారానికి ఒకటి చొప్పున నాలుగు కూటాలు పెట్టుకోండి. ఒక్కోదానికి ముప్పావు గంట చాలు. నాలుగూ ఒకే ఆదివారం చెప్పేస్తే విన్నది లోపలికి దిగదు, మధ్యలో వారం గడవాలి. మిరపకోతలు, పొగాకు పనులు ఉన్న రోజుల్లో రాత్రి ఎనిమిదికి ముందు మొదలుపెట్టొద్దు. ఎనిమిది మందికి మించితే రెండు జట్లు చేయండి. చదువురానివాళ్లుంటే కూటానికి ఒక్క వాక్యమే తీసుకుని, నోటికి వచ్చేదాకా చెప్పించండి.

మొదటి కూటం: పాపం అంటే ఏది

నిర్గమకాండము 20లోని పది ఆజ్ఞలతో మొదలుపెట్టండి. తర్వాత మూడు వాక్యాలు ఈ వరుసలోనే చదివించాలి. 1 యోహాను 3:4 ఆజ్ఞను మీరడం పాపమంటుంది. యాకోబు 4:17 మేలు చేయడం తెలిసీ చేయకపోవడం కూడా పాపమంటుంది. మార్కు 7:21-23 ఇవన్నీ మనిషి హృదయంలోనుంచి బయలుదేరతాయంటుంది. మూడోది వదిలేస్తే పాపం అంటే కొన్ని చెడ్డ పనుల పట్టిక అని మిగిలిపోతుంది. ఆ పనులు మానేస్తే సరిపోతుందనుకుంటారు.

మన ఊళ్లలో ఆ పట్టిక ఎలా ఉంటుందో తెలిసిందే: సారా, పేకాట, సినిమా. ఇవి మాత్రమే చెబితే, తాగనివాడు తనకీ పాఠంతో పనిలేదనుకుంటాడు. అందుకే బతుకుదెరువులోకి దిగి అడగాలి. రొయ్యల కాటా దగ్గర తూకం ఎలా ఉంటోంది? లేవీయకాండము 19:36 న్యాయమైన త్రాసులు ఉండాలంటుంది. కూలి డబ్బులు ఏ రోజు ఇస్తున్నారు? అదే అధ్యాయం 13వ వచనం కూలివాని కూలి మర్నాటిదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ఎన్నేళ్లుగా నడుస్తోంది? చీటీ పాట డబ్బు తీసుకుని మిగతా వాయిదాలు ఎగ్గొట్టినవాళ్లున్నారా? ఎవరినీ వేలెత్తి చూపకుండా ప్రశ్న వేసి ఆగండి. ఆ మౌనాన్ని తొందరపడి పూడ్చొద్దు.

చివర్లో 51వ కీర్తన చదవండి. దావీదు రాజు తన సైనికుడైన ఊరియా భార్యను తీసుకున్నాడు, ఊరియాను చంపించాడు. అయినా నాలుగో వచనంలో దేవునితో "నీకు కేవలము నీకే విరోధముగా" అంటాడు. ఊరియాకు అన్యాయం జరగలేదని కాదు దాని అర్థం. మనిషికి చేసిన ప్రతి అన్యాయం ఆ మనిషిని చేసిన దేవుని మీదికి వెళ్తుంది.

రెండో కూటం: పాపం కానిది

ఈ కూటం చాలా క్లాసుల్లో ఉండదు. ఉండి తీరాలి. పేదరికం, రోగం, బిడ్డలు లేకపోవడం ఫలానా పాపానికి శిక్ష అన్న మాట మన పల్లెల్లో బలంగా నాటుకుని ఉంది. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పుట్టినవాళ్లకు వాళ్ల పుట్టుకే ఎప్పటిదో పాపఫలమని తరతరాలుగా చెప్పారు. అదే మాట మన క్లాసులో ఇంకో రూపంలో వినిపిస్తే మనం సువార్త చెప్పనట్టే. యోహాను 9:1-3 చదివించండి. గుడ్డివాడుగా పుట్టినది వీడి పాపమా, వీడి కన్నవారి పాపమా అని శిష్యులడిగితే, యేసు రెండూ కాదన్నాడు. లూకా 13:4లో సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది, యెరూషలేములో ఉన్న మిగతావాళ్లకంటే ఎక్కువ అపరాధులు కారన్నాడు. అక్కడే మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారని కూడా అన్నాడు. రెండు మాటలూ కలిపే చెప్పాలి.

ఇంకొకటి. తన మీద జరిగిన దౌర్జన్యాన్ని తన పాపంగా మోసేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు. కొట్టిన భర్త పాపం భార్యది కాదు. ఈ మాట పైకి, స్పష్టంగా అనండి. అలాంటి భారం చెప్పుకోవాలనుకునే స్త్రీతో పాస్టరుగారు ఒంటరిగా కూర్చోకూడదు. పాస్టరమ్మగారో, స్త్రీల సమాజంలో నమ్మకమైన పెద్దావిడో వినాలి.

మూడో కూటం: మనవల్ల ఎందుకు కాదు, క్రీస్తు ఏం చేశాడు

ఇక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న: "ఇకనుంచి మంచిగా బతికితే చాలదా?" దీనికి ప్రోనోటు ఉదాహరణ బాగా పనిచేస్తుంది. ఇవాళ్టినుంచి కొత్త అప్పు చేయనన్నంత మాత్రాన షావుకారు దగ్గరున్న పాత నోటు బాకీ తీరిపోదు. కొలొస్సయులకు 2:14 మన మీద ఋణముగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టాడంటుంది. ఆ వెంటనే ఉదాహరణ ఎక్కడ చాలదో కూడా చెప్పండి: ఇక్కడ అప్పు రావలసినవాడే చెల్లించాడు. ఇది చెప్పకపోతే, కోపంగా ఉన్న తండ్రిని జాలిగల కుమారుడు బతిమాలి ఒప్పించాడన్న బొమ్మ మనసులో పడిపోతుంది. రోమా 5:8 ప్రకారం, మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు చనిపోవడంలో వెల్లడైంది దేవుని ప్రేమే. 2 కొరింథీయులకు 5:19 కూడా చదివించండి.

పాపానికి వచ్చే జీతం మరణం, దేవుడిచ్చే వరం నిత్యజీవం అన్న తేడా రోమా 6:23లో ఉంది. కూలి పని చేసేవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పే పని ఉండదు. కానుకలు, ఉపవాసాలు, సాక్ష్యాలు రక్షణకు వెల కావని ఎఫెసీయులకు 2:8-9తో తేల్చండి. పునరుత్థానం మర్చిపోవద్దు. క్రీస్తు లేపబడకపోతే మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారని 1 కొరింథీయులకు 15:17 అంటుంది. సిలువ దగ్గరే ఆగిన పాఠం సగం పాఠం.

నాలుగో కూటం: మారుమనస్సు, విశ్వాసం

ఒక ప్రార్థన చెప్పించి, వెనకాలే అనిపించి, "ఇక రక్షణ వచ్చేసింది" అనడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. లూకా 18:13లో సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) ప్రార్థన ఒక్క వాక్యమే, కానీ అది అతని సొంతం. ఎవరి మాటల్లో వాళ్లను ప్రార్థించనివ్వండి. తడబడినా ఫరవాలేదు. పాపాలన్నీ అందరి ముందూ ఏకరువు పెట్టమని ఒత్తిడి చేయొద్దు. అవి మర్నాటికి ఊరంతా తెలుస్తాయి, ఆ తర్వాత ఇంకెవరూ నోరు విప్పరు.

ఒప్పుకున్నదాన్ని సరిదిద్దడం మాత్రం అడగాలి. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). దానితో అతను రక్షణ కొనుక్కోలేదు, యేసు తన ఇంటికి వచ్చాకే జక్కయ్య ఆ మాట అన్నాడు. బాకీ తీర్చడం, క్షమాపణ అడగడం లాంటివి ఈ వారంలో చేయగలిగినది ఒక్కటి వాళ్లనే ఎంచుకోమనండి.

బాప్తిస్మం తర్వాత మళ్లీ పాపంలో పడిపోతే ఏమిటి అన్న భయానికి, పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 జవాబు. ఆ మాట విశ్వాసులకు రాసింది.

పేర్లు ఖాయం చేసే ముందు

ఒక్కొక్కరినీ విడిగా మూడు ప్రశ్నలు అడగండి. బాప్తిస్మం ఎందుకు కావాలి? నీ పాపానికి క్రీస్తు ఏం చేశాడు, నీ మాటల్లో చెప్పు. నీ బతుకులో ఏది మారాలి? పెళ్లి సంబంధం కోసమో, ఇంట్లోవాళ్లు పోరుతున్నారనో వచ్చినవాళ్లు మొదటి ప్రశ్న దగ్గరే తెలిసిపోతారు. ఈ జాగ్రత్త మన నేలకు కొత్తది కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. బాప్తిస్మం అడిగినవాళ్లను మాత్రం కరువు సాయం నడిచినంతకాలం ఆపాడు, తిండి కోసం వచ్చారన్న మాట ఉండకూడదని. సాయం ఆగాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

పసిబిడ్డలకే బాప్తిస్మమిచ్చే గూడూరు, సూళ్లూరుపేట వైపు లూథరన్ సంఘాల్లో ఇదే పాఠం కన్ఫర్మేషన్ క్లాసుకు (చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లు పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ముందు పెట్టే క్లాసుకు) సరిపోతుంది. నాలుగో కూటంలో మాత్రం పొందిన బాప్తిస్మాన్ని ఎరిగి నిలబడడం గురించి చెప్పాలి.

ఎవరి పేరైనా వాయిదా వేయాల్సివస్తే, ఆ సంగతి ఆదివారం ఆరాధనలో ప్రకటించొద్దు. పెద్దలిద్దరు ఇంటికి వెళ్లి, ఏ ప్రశ్న దగ్గర ఆగారో చెప్పి, మళ్లీ కూర్చునే రోజు అక్కడికక్కడే ఖాయం చేసుకుని రండి.