క్వాజూలూ-నటాల్‌కు కొత్తగా వచ్చిన తెలుగువారికి

దక్షిణాఫ్రికాలోని ఈ రాష్ట్రానికి, దాని పెద్ద నగరం డర్బన్‌లో ఉద్యోగం దొరికి వచ్చేవారు ఇంటద్దె గురించి, పిల్లల బడి గురించి అడుగుతారు. నేను మాత్రం ముందుగా ఒక మాట నేర్పుతాను: సావుబోనా. ఇక్కడి జూలూ ప్రజల భాషలో పలకరింపు అది. "మేము నిన్ను చూస్తున్నాం" అని దాని అర్థం. "యెబో" అని బదులివ్వాలి. ఎదుట నలుగురుంటే "సానిబోనాని" అనాలి. దుకాణంలోనైనా, కాపలా మనిషి దగ్గరైనా పలకరించకుండా పని సంగతి ఎత్తడం ఇక్కడ అమర్యాద. వయసులో పెద్దవారిని బాబా, మామా అని పిలవండి. బాబా అంటే తండ్రి, మామా అంటే అమ్మ! మన చెవికి వింతగా ఉన్నా త్వరలోనే అలవాటవుతుంది.

రాష్ట్రానికి తూర్పున హిందూ మహాసముద్రం, పడమట 3,000 మీటర్లు దాటిన డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాలు. తీరం వెంట చెరకు తోటలు. డిసెంబరు, జనవరి నెలల్లో డర్బన్ ఉక్కపోత విశాఖను గుర్తుకు తెస్తుంది. జూన్, జూలైలలో తీరాన చలి స్వల్పమే కానీ, కొండల మీద మంచు పడుతుంది, ఉన్ని దుస్తులు తెచ్చుకోండి. ట్రాఫిక్ సిగ్నల్‌ను ఇక్కడ రోబో అంటారు. టాక్సీ అంటే అందరూ కలిసి ఎక్కే చిన్న వ్యాను. దాని దారి వేలి సైగతో తెలుస్తుంది, చార్జీ చేతులు మారుతూ డ్రైవరుకు చేరుతుంది. మొదటిసారి తెలిసినవారితో ఎక్కండి.

1497 క్రిస్మస్ వేళ వాస్కో డ గామా ఈ తీరం పక్కగా వెళ్తూ నటాల్ అని పేరు పెట్టాడు. క్వాజూలూ అంటే జూలూల చోటు. 1994లో ఆ రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రమయ్యాయి. జూలూ రాజు షాకా కట్టిన రాజ్యం, 1879 జనవరి 22న ఇసాండ్ల్వానాలో బ్రిటిష్ సైన్యాన్ని ఓడించిన వైనం ఇక్కడివారికి ఇప్పటికీ గర్వకారణాలు. జూలూ మిత్రులు వాటి గురించి చెబుతుంటే ఓపికగా వినండి.

ఇక మనవారి సంగతి. తోటల్లో కూలికి జూలూలు ముందుకు రాకపోవడంతో తెల్ల యజమానులు భారతదేశం వైపు చూశారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది వచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువారూ వారిలో ఉన్నారు. మద్రాసులో ఓడ ఎక్కినవారందరినీ మద్రాసీలనే అన్నారు. నాయుడు నాయిడూ అయింది. అప్పలసామి ఇంటిపేరైంది. సింహాచలం అప్పన్న పేరు సముద్రం దాటి వచ్చి ఇక్కడి తలుపుల మీద నిలిచింది. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను కాపాడుకోవాలని ఎంతో తపించారు. అయినా ఇంగ్లీషు బళ్లలో చదివిన తరాలకు తెలుగు జారిపోయింది.

అందుకే ఒక మనవి. నాయిడూ గారు కనబడగానే "మీకు తెలుగు రాదా?" అని అడగవద్దు. ఆ ప్రశ్న ఎంతగా నొప్పిస్తుందో నేను కళ్లారా చూశాను. ఐదారు తరాలుగా వారు ఈ దేశ పౌరులు. 1950 నాటి చట్టంతో జాతులవారీగా ప్రాంతాలు విడదీసి, ఉన్న ఇళ్లు ఖాళీ చేయించి, డర్బన్ శివారు చాట్స్‌వర్త్ వంటి చోట్లకు తరలించినప్పుడు ఆ బాధలు పడినవారు.

1949లో డర్బన్‌లో జూలూలకు, భారతీయులకు మధ్య చెలరేగిన అల్లర్లలో 142 మంది చనిపోయారు. 2021 జూలైలోనూ నెత్తురు పారింది. ఆ గాయాల గురించి జూలూలు చెప్పేది ఒకటి, భారతీయులు చెప్పేది ఒకటి. రెండూ వినకుండా తీర్పు చెప్పవద్దు. నివాసం భారతీయుల పేటలోనే ఉన్నా, స్నేహాలను అక్కడికే పరిమితం చేసుకోవద్దు.

మీరు చేయగల మేలు ఒకటుంది. ఓడల జాబితాల్లో ప్రతి కూలీకి ఒక సంఖ్య, ఊరు, తాలూకా, జిల్లా రాసి ఉండేవి. ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసిన ఆ ఊళ్ల పేర్లు ఇక్కడివారికి అంతుపట్టవు. ఎవరైనా ముత్తాత కాగితం తెచ్చి చూపిస్తే పక్కన కూర్చుని నెమ్మదిగా పైకి చదవండి. అది మీకు తెలిసిన ఊరే కావచ్చు.