మన ఎండలో, మన ఉప్పు గాలిలో వాటర్ కూలింగ్ పీసీ కట్టుకోవడం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు), మోటార్లు బాగుచేయడం నా బతుకుదెరువు. గేమింగ్ పీసీలు కట్టడం రాత్రిపూట సరదా. ఈ రెండింటికీ ఏం సంబంధం అని అడుగుతుంటారు. నీళ్లు, పంపు, ఉప్పు, తుప్పు. రెండు చోట్లా తగువు వీటితోనే. వాటర్ కూలింగ్ వీడియోలు చేసేవాళ్లలో ఎక్కువమంది గది వేడి 22 డిగ్రీలు అనుకుని చెప్తారు. మే నెల మధ్యాహ్నం మా మేడ మీద గది 37 దాటుతుంది. గది వేడి అంత ఉంటే కొనాల్సిన సామాను కూడా వేరే ఉంటుంది. కాబట్టి ఇది మన గోదావరి డెల్టా లెక్క.

ముందే చెప్పేస్తున్నా, దీనివల్ల గేములో ఫ్రేములు పెద్దగా పెరగవు. గ్రాఫిక్స్ కార్డు బాగా చల్లబడుతుంది, ఫ్యాన్ల రొద తగ్గుతుంది, చూడ్డానికి బాగుంటుంది. చైనా బ్రాండ్ల సామానుతో కట్టినా ఒక్క లూపుకే, అంటే నీళ్లు తిరిగే ఏర్పాటుకే, ఖర్చు బాగానే అవుతుంది. ఒక్క ప్రాసెసర్ చల్లబడితే చాలనుకునేవాళ్లు మంచి ఎయిర్ కూలర్ కొనుక్కుని హాయిగా ఆడుకోండి.

లూపు పనిచేసే తీరు తేలికే. రిజర్వాయర్ అనే చిన్న తొట్టిలో ఉన్న కూలెంట్‌ను (వేడి మోసే నీళ్లను) పంపు తోస్తుంది. అది ప్రాసెసర్ మీదున్న రాగి బ్లాకులోంచి, కార్డు మీదున్న బ్లాకులోంచి పోయి వేడి లాక్కుంటుంది. ఆ వేడిని రేడియేటర్‌లో గాలికి వదిలేసి మళ్లీ రిజర్వాయర్‌కు వస్తుంది. ఆ గాలి మన గదిలోదే. అందుకే నీళ్లు గది వేడికన్నా చల్లగా ఎప్పటికీ ఉండవు. గేము నడుస్తుండగా నీళ్లు గదికన్నా ఒక పది డిగ్రీలు ఎక్కువుంటే లూపు బాగున్నట్టే. డిసెంబరులో గది 25 ఉంటే నీళ్లు 35. మేలో గది 37 ఉంటే నీళ్లు 47. పంపులకీ ట్యూబులకీ చాలా కంపెనీలు ఇచ్చే హద్దు 60 డిగ్రీలు. చలిదేశాల వాళ్లకు ఉన్నంత వెసులుబాటు మనకు లేదన్నమాట.

మా మేనల్లుడు ఇది విని, "మావయ్యా, ఐస్ ఫ్యాక్టరీ నుంచి రెండు దిమ్మలు తెచ్చి థర్మాకోల్ పెట్టెలో వేసి, ట్యూబు అందులోంచి తిప్పితే?" అన్నాడు. రొయ్యల ఊళ్లో పుట్టినవాడికి ఐసు తప్ప ఇంకేం తడుతుంది! వద్దురా అన్నాను. వేసవిలో మన దగ్గర గాలిలో తేమ ఎంత ఉంటుందంటే, 25, 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా చెమ్మ పడుతుంది. ట్యూబు మీద, బ్లాకు మీద, చివరికి మదర్‌బోర్డు మీద నీటి చుక్కలు నిలుస్తాయి. మామూలు లూపులో ఆ భయం లేదు, ఎందుకంటే అందులో నీళ్లు గదికన్నా వేడిగానే ఉంటాయి.

కాబట్టి డబ్బు ముందు పెట్టాల్సింది రేడియేటర్ మీద. లైట్ల సంగతి తర్వాత. రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ కార్డు ఉన్న పీసీ అనుకుందాం. కార్డు 220 వాట్లు, ప్రాసెసర్ గేముల్లో ఓ 80 వాట్లు, కలిపి 300. వంద, నూటయాభై వాట్లకు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ జాగా అని నోటి లెక్క ఒకటుంది. దాని ప్రకారం ఒక 360 రేడియేటర్ (మూడు 120 ఫ్యాన్లు పట్టేది) సరిపోవాలి. మన ఎండకు రెండు పెట్టమంటాను, అడుగున ఒకటి గాలి లోపలికి లాగేలా, పైన ఒకటి బయటికి తోసేలా. క్యాబినెట్ కూడా రెండు 360లు పట్టేది చూసుకోండి. ఫ్యాన్లు కొనేటప్పుడు స్టాటిక్ ప్రెషర్ ఎక్కువున్నవి అడగండి. రేడియేటర్ రెక్కల సందుల్లోంచి గాలి తోయాలంటే ఆ బలం కావాలి.

ఇక లోహాలు. ఇక్కడ మాత్రం నా మాట వినండి. చెరువు గట్టు మీద మోటారు విప్పినప్పుడల్లా నాకు కనిపించేది ఒకటే. అల్యూమినియం బాడీలోకి స్టీలు బోల్టు దిగిన చోట తెల్లటి పొడి రాలుతుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీరు ఉంటే అచ్చం బ్యాటరీలో లాగే కరెంటు పారి, బలహీనమైన లోహం కరిగిపోతుంది. లూపులో రాగి బ్లాకు పెట్టి, చవగ్గా వచ్చిందని అల్యూమినియం రేడియేటర్ పెడితే ఇదే జరుగుతుంది. రాగి, ఇత్తడి, నికెల్ పూత వేసినవి కలిసి ఉండొచ్చు. అల్యూమినియం మాత్రం ఎక్కడా నీళ్లకు తగలకూడదు. కారు రేడియేటర్లు ఇప్పుడు ఎక్కువగా అల్యూమినియంవే, వాటి జోలికి పోవద్దు. కొనే ముందు రేడియేటర్ లోపలి గొట్టాలు రాగివో కావో వివరాల్లో చదవండి. రాయకపోతే కొనకండి.

నీళ్ల సంగతీ అంతే. బోరు నీళ్లు అసలే వద్దు, మా వైపు చాలా బోర్లు ఉప్పే. ఆర్‌ఓ నీళ్లలో కూడా లవణాలు మిగిలే ఉంటాయి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ అని ఇచ్చేది ఒక్కోసారి ఖనిజాలు తీసిన నీళ్లే. సీలున్న డబ్బా తెచ్చి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ముంచితే సున్నానో ఒకటో చూపాలి. చెరువులున్న ఇంట్లో ఆ మీటరు ఎలాగూ దొరుకుతుంది. అలాగని ఒట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి వదిలేయకూడదు. పాచి పట్టకుండా ఒక మందు, తుప్పు పట్టకుండా ఒక మందు కలపాలి. ఇవన్నీ కలిపి సీసాలో వచ్చే రంగులేని కూలెంట్ కొనుక్కుంటే గొడవ లేదు. లూపు మొత్తానికి లీటరు అటూ ఇటూ పడుతుంది, రెండు లీటర్లు తెప్పించండి. పాలలా చిక్కగా, ముత్యాల మెరుపుతో కనిపించే రంగులు ఫొటోకే బాగుంటాయి. వాటిలోని పొడి కొన్నాళ్లకు బ్లాకులోని సన్నటి గాడుల్లో దిగి అడ్డుపడుతుంది.

ట్యూబు మెత్తటిదే తీసుకోండి. నేనైతే నల్ల ఈపీడీఎం రబ్బరు ట్యూబు వాడతాను, లోపల 10, బయట 16 మిల్లీమీటర్లు. అందంగా ఉండదు, నిజమే. కానీ హీట్ గన్‌తో వంచే పీఈటీజీ ప్లాస్టిక్ గట్టి గొట్టం 60 డిగ్రీల దాకా వేడెక్కితే మెత్తబడి ఫిట్టింగులోంచి జారే ప్రమాదం ఉంది. మే నెలలో ఒక ఫ్యాన్ ఆగిపోతే నీళ్లు అక్కడిదాకా పోవని నేను పూచీ పడలేను. గట్టిదే కావాలంటే ఆక్రిలిక్ తీసుకోండి, వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. కోసిన అంచును ఎమరీ పేపరుతో నున్నగా రుద్దాలి, లేకపోతే ఆ అంచే ఫిట్టింగులోని ఓ-రింగును (నీళ్లు ఆపే రబ్బరు చుట్టను) కోసేస్తుంది.

సామాను వచ్చాక ముందుగా రేడియేటర్లు కడగాలి. లోపల అతుకుల మందు మిగిలి ఉంటుంది. గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్ సగం పోసి, రెండు వైపులా మూతలు బిగించి గట్టిగా ఊపి, తెల్లటి గిన్నెలోకి వంచండి. మొదటిసారి నలకలు, సన్నటి మెరుపు తునకలు పడతాయి. గిన్నె అడుగున ఏమీ కనిపించనంత వరకూ ఇదే పని.

ప్రాసెసర్ బ్లాకు బిగించడం మామూలు కూలర్ బిగించినట్టే. కార్డు దగ్గర మాత్రం నిదానం కావాలి. 4070 సూపర్‌కు బ్లాకు అని వెతికితే సరిపోదు. ఒకే చిప్పు పేరుతో ఒక్కో కంపెనీ ఒక్కో రకం బోర్డు చేస్తుంది, మీ కార్డు పూర్తి మోడల్ పేరు ఆ బ్లాకు జాబితాలో ఉండాలి. కార్డు విప్పితే వారంటీ ఏమవుతుందో కూడా ముందే కనుక్కోండి. విప్పేటప్పుడు కూలరును ఒక్కసారిగా లాగకండి, ఫ్యాను వైర్లు బోర్డుకు తగులుకుని ఉంటాయి. చిప్పు మీదున్న పాత థర్మల్ పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. థర్మల్ ప్యాడ్లు (చిప్పుల వేడిని బ్లాకుకు అందించే మెత్తటి ముక్కలు) బ్లాకు తయారుచేసినవాళ్లు చెప్పిన మందంలోనే ఉండాలి. 1 మిల్లీమీటరు చెప్పిన చోట 1.5ది పెడితే మెమరీ చిప్పుల దగ్గర ఎత్తు పెరిగి, అసలు చిప్పు మీద బ్లాకు ఆనదు. స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకసారి బిగించి మళ్లీ విప్పి చూడండి. ప్యాడ్ల మీద ప్రతి చిప్పు అచ్చూ దిగి ఉండాలి, పేస్టు నాలుగు మూలలకూ పాకి ఉండాలి. ఏ చిప్పు అచ్చు పడలేదో అక్కడ ప్యాడ్ ఆననట్టే. సరిచేసుకుని, పేస్టు కొత్తగా రాసి మూసేయండి.

గొట్టాలు ఏ వరుసలో తిప్పాలని చాలామంది బుర్ర బద్దలుకొట్టుకుంటారు. నీళ్లు గట్టిగా తిరుగుతుంటే లూపులో ఎక్కడ చూసినా వేడి తేడా రెండు మూడు డిగ్రీలకు మించదు, దగ్గరి దారి ఏదైతే అదే సరైన వరుస. ఒక్క నియమం ఉంది. రిజర్వాయర్ పంపుకన్నా పైన ఉండి, నీళ్లు వాటంతట అవే పంపులోకి దిగాలి. ఈ లూపుల్లో వాడే డీ5 రకం పంపులో బేరింగుకు తడి ఇచ్చేది ఆ నీళ్లే. నీళ్లు లేకుండా తిప్పితే, బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు బుష్షులు పోయినట్టే ఇదీ పోతుంది. లూపులో అన్నిటికన్నా కింద ఒక డ్రెయిన్ వాల్వు పెట్టడం మరిచిపోవద్దు.

ఫిట్టింగులన్నీ పావు అంగుళం జీ మరలవి. నీళ్లు ఆపేది మర కాదు, దాని కిందున్న ఓ-రింగు. మన ప్లంబర్ల అలవాటుగా టెఫ్లాన్ టేపో నారో చుట్టకండి. చేత్తో బిగించి, ఆపైన చిన్న తిప్పు చాలు. రెంచితో బలం చూపిస్తే ఆక్రిలిక్ రిజర్వాయర్ పగులుతుంది.

నీళ్లు పోసే ముందు గాలితో పరీక్ష. గేజీ ఉన్న చిన్న చేతిపంపు అమ్ముతారు. 0.5 బార్ దాకా కొట్టి అరగంట వదిలేయండి. ముల్లు కదలకపోతే మంచిది. పడిపోతుంటే ఒక్కో ఫిట్టింగు దగ్గర చెవి పెట్టి వినండి. చేతిపంపు లేకపోతే నేరుగా నీళ్ల పరీక్షకు పోవచ్చు గానీ, ఆ కాస్త డబ్బు చూసుకుంటే తడిసేది మదర్‌బోర్డు అని గుర్తుంచుకోండి.

తర్వాత పవర్ సప్లయ్ నుంచి పంపుకు తప్ప వేటికీ కరెంటు పోకుండా మిగతా కేబుళ్లు పీకేయండి. 24 పిన్నుల కనెక్టరుకు జంపర్ ప్లగ్గు పెడితే మదర్‌బోర్డు లేకుండానే సప్లయ్ ఆన్ అవుతుంది. ప్రతి ఫిట్టింగు కిందా టిష్యూ పేపరు పరవండి. రిజర్వాయర్ నింపి, పంపు కొన్ని క్షణాలు తిప్పి, మట్టం అడుగుకు పోకముందే ఆపి, మళ్లీ నింపండి. మట్టం దిగడం ఆగాక క్యాబినెట్‌ను నాలుగు వైపులా వంచుతుంటే రేడియేటర్‌లో ఇరుక్కున్న గాలి గలగలమంటూ బయటికొస్తుంది. అలా ఒక రోజు మొత్తం తిరగనివ్వాలి. మధ్యలో కరెంటు పోతే టెన్షన్ పడక్కర్లేదు, పంపు ఆగి మళ్లీ తిరుగుతుంది, అంతే. టిష్యూ తడిస్తే ఆపి తుడిచి, ఆ ఫిట్టింగు విప్పి ఓ-రింగు చూడండి. బోర్డు మీద చుక్క పడినా కరెంటు లేదు కాబట్టి కంగారు లేదు, పూర్తిగా ఆరాకే ఆన్ చేయాలి. అన్నట్టు, గోడ సాకెట్‌లో ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం మామూలైపోయింది, నీళ్లున్న పీసీకి అది పనికిరాదు.

ఫ్యాన్ల వేగాన్ని ప్రాసెసర్ వేడికి కాకుండా నీటి వేడికి కట్టండి. లూపులో ఒక టెంపరేచర్ సెన్సరు బిగించి, మదర్‌బోర్డు మీద దానికి పిన్నులుంటే అక్కడ పెట్టాలి. 35 దగ్గర మూడో వంతు వేగం, 45 దగ్గర ముప్పావు వంతు, 50 దాటితే పూర్తి వేగం. ఇంటర్నెట్‌లో దొరికే లెక్కల్లో 40కే పూర్తి వేగం పెడతారు, అలా చేస్తే వేసవంతా ఏరేటర్ల గట్టు మీద కూర్చున్నట్టే ఉంటుంది.

మన దగ్గర ఎక్కువగా వచ్చే బెడద ఇంకోటుంది, పురుగులు. సార్వా వరి ఈనే రోజుల్లో రాత్రిపూట కిటికీ తీసి లైట్లున్న పీసీ పెడితే పచ్చదోమ దండుగా వస్తుంది. అడుగు రేడియేటర్ వాటిని లోపలికి లాగేసుకుంటుంది. రెక్కల మధ్య ఎండిపోయి, దుమ్ముతో కలిసి ఆకుపచ్చ పొరలా అంటుకుపోతాయి, టూత్ బ్రష్షుతో గీకినా పూర్తిగా రావు. గాలి లాగే వైపు కిటికీకి కొట్టే సన్నటి నైలాన్ మెష్ కత్తిరించి అయస్కాంతపు పట్టీతో అంటించండి. గాలి కొంచెం తగ్గుతుంది, పర్లేదు. ఆ రోజుల్లో లైట్లు ఆపేయండి. సముద్రానికి దగ్గరున్న ఊళ్లవాళ్లు క్యాబినెట్ స్క్రూలు, ఫ్యాన్ గ్రిల్లులు కూడా అప్పుడప్పుడు చూస్తుండండి, తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది.

కూలెంట్ ఏడాదికోసారి మార్చాలి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు పెట్టుకోండి, అసలు ఎండలు ముదిరేసరికి లూపు శుభ్రంగా ఉంటుంది. పాత నీళ్లు గాజు గ్లాసులో పట్టి చూడండి. పచ్చగా, నీలంగా తిరిగితే ఎక్కడో రాగి కరుగుతోంది, మబ్బుగా ఉంటే పాచి. అప్పుడు బ్లాకులు విప్పి కడగాల్సిందే. ఓ-రింగులు మా సామాన్ల కొట్టులోనూ దొరుకుతాయి గానీ కొలత సరిపోయినట్టే ఉండి సరిపోవు. ఫిట్టింగులు తెప్పించేటప్పుడే ఒక పది అదనంగా తెప్పించుకోండి. కార్డుతో వచ్చిన పాత కూలరును, దాని స్క్రూలను ఒక కవర్లో వేసి దాచండి. పంపు పోయి కొత్తది వచ్చేలోపు కార్డుకు అదే దిక్కు.