నవలలో ‘అమాయకుణ్ణి’ ఎట్లా చదవాలి

మా తమ్ముడికి 34 ఏళ్లు. చేపల పులుసులో మామిడికాయ ముక్క తన కంచంలో పడలేదంటే ఆ పూట ఎవరితోనూ మాట్లాడడు. కావలిలో మా వీధంతా వాణ్ణి ‘పాపం, అమాయకుడు’ అంటుంది. నవలలూ ఎక్కువగా అంతే. అందుకే మేధో వైకల్యం ఉన్న పాత్రలున్న రెండు నవలలు పోల్చేటప్పుడు మొదట ఆ మామిడికాయ ముక్క కోసం వెతుకుతాను: ఆ పాత్రకు సొంత ఇష్టం, పంతం ఉన్నాయా?

తర్వాత పెన్సిలు తీసుకోండి. ఆ పాత్ర అన్న మాట కింద ఒక గీత, తన గురించి పక్కవాళ్లు అన్న మాట కింద రెండు. అమెరికన్ రచయిత స్టెయిన్‌బెక్ ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ (1937)లో అలాంటి పాత్ర లెన్నీని బయటినుంచే చూస్తాం. చాలాచోట్ల అతని తరఫున స్నేహితుడు జార్జే మాట్లాడేస్తాడు. మరో అమెరికన్ రచయిత ఫాక్నర్ అంతకుముందే, 1929లో, ‘ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ’ మొదటి భాగమంతా అలాంటి పాత్రే అయిన బెంజీ మనసులోంచి చెప్పించాడు. అక్కడ కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది. తికమకపడి వదిలేయకండి, వాసనలూ చప్పుళ్లూ పట్టుకుని పోండి. నాకు మూడుసార్లు పట్టింది.

చివరి పేజీ తప్పకుండా పోల్చాలి. లెన్నీని కాల్చేది జార్జే. ఆ చావు ఎవరి కథకు అక్కరకొచ్చిందో అంచున రాసుకోండి.

పెన్సిలు మాత్రం మావాడి కంటపడకుండా దాచాలి.