లక్ష కిలోమీటర్లు దాటిన హైబ్రిడ్ బండి కొనేటోళ్లకు

ఈ మధ్య మావోళ్లల్ల కారు ముచ్చటొస్తే చాలు, అన్న హైబ్రిడ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌ల ఉన్నదట, లక్షా ఇరవై వేలు తిరిగిందట, తీస్కోవచ్చునా అని అడుగుతున్నరు. హైబ్రిడ్ అంటె పెట్రోల్ ఇంజన్‌తోని పాటు బ్యాటరీ మీద నడిచే మోటార్ గూడ ఉన్న బండి. 2022ల వచ్చిన టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీ హైబ్రిడ్‌లల్ల మొదటి ఓనర్లు అమ్ముకునేటివి ఇప్పుడు బాగనే దొరుకుతున్నయి, అందుల హన్మకొండ నుంచి హైదరాబాద్ రోజూ పోయొచ్చినోళ్లవే ఎక్కువ కిలోమీటర్ల బండ్లు. ఇగ 2013 తర్వాతి టయోటా క్యామ్రీ హైబ్రిడ్‌లు గూడ అప్పుడప్పుడు కనబడ్తయి, గంత పెద్ద బండి గింత రేటుకా అని మనోళ్లకు నోరూరుతది. నేను ఇప్పటికి రెండు కొన్న, ఒకటి తెల్వక కొన్న, ఒకటి తెలిసి కొన్న, అందుకే రాస్తున్న.

ముందుగాల ఒక్క మాట. హైబ్రిడ్‌ల మీటర్ చూసి భయపడకుండ్రి, నిలబడ్డ బండిని చూసి భయపడుండ్రి. మామూలు పెట్రోల్ బండికి లక్షా నలబై వేలంటే క్లచ్ పోయి ఉంటది, స్టార్టర్, ఆల్టర్నేటర్ ఒకసారి చేపిచ్చి ఉంటరు. టయోటా తీరు హైబ్రిడ్‌ల ఇవేవీ ఉండయి. క్లచ్ ప్లేట్ లేదు, బెల్ట్ గేర్‌బాక్స్ లేదు, విడిగ స్టార్టర్ మోటార్ లేదు, లోపల ఒకదాని సుట్టు ఒకటి తిరిగే ప్లానెటరీ గేర్లు, రెండు మోటార్లు, అంతే. పైగ ఊర్ల తిరిగేటప్పుడు ఇంజన్ శానా సేపు ఆగే ఉంటది, అంటే మీటర్ల లక్ష చూపెట్టినా ఇంజన్ లక్ష నడ్వలేదు. హైవేల మాత్రం ఇంజన్ నడుస్తనే ఉంటది, గా లెక్క వేరు. మరి హైబ్రిడ్ బ్యాటరీని చంపేది ఏంది అంటే ఒకటి వేడి, రెండు వయసు, మూడు నెలలకు నెలలు కదలకుండ నిలబడుడు. అందుకే 2014ల కొని ముప్పై వేలే తిరిగి అపార్ట్‌మెంట్ కింద కవర్ కప్పుకొని పన్న బండి కంటె, మూడేండ్లల్ల లక్షా పది వేలు తిరిగి టైముకు సర్వీస్ అయిన బండికే నేను ఓటేస్త.

ఇంకోటి, అసలు అది హైబ్రిడేనా చూస్కోవాలె. పాత సియాజ్, ఎర్టిగాల మీద ఎస్‌హెచ్‌వీఎస్ అని, స్మార్ట్ హైబ్రిడ్ అని రాసి ఉంటది, బ్రోకర్ గూడ హైబ్రిడ్ అన్నా హైబ్రిడ్ అనే అంటడు. అది మైల్డ్ హైబ్రిడ్, ఇంజన్‌కు జర సాయం చేస్తది గానీ మోటార్ ఒక్కదానితోని బండి కదలది. గ్రాండ్ విటారాల, హైరైడర్‌ల రెండు రకాలూ ఉన్నయి, కాబట్టి పేరు చూసి మోసపోకుండ్రి. సింపుల్ పరీక్ష, బటన్ ఒత్తితే సప్పుడు లేకుండ రెడీ అని లైట్ పడి, బ్రేక్ మీది కాలు తీస్తే ఇంజన్ లేకుండనే బండి మెల్లగ జారితే అది అసలుది. బటన్ ఒత్తంగనే ఎప్పుడూ ఇంజనే లేస్తుందంటె మైల్డ్ అనే అనుమానపడుండ్రి, చల్లటి బండి ఒక్కోసారి ఇంజన్ లేపుకుంటది గాబట్టి రెండు మూడు సార్లు చేసి చూడుండ్రి.

ఇగ నా తెల్వక కొన్న బండి ముచ్చట. పాత పెద్ద సెడాన్, పేరెందుకు గానీ, ఏనుమాముల మార్కెట్ల పత్తి వ్యాపారం చేసే ఒక అడ్తి సేటుది. పెయింట్ అద్దం లెక్క ఉండె, సీట్లు కొత్తయి, సర్వీస్ బుక్కుల ముద్రలు వరుసగ ఉండె, నాకు ఇంకేం కావాలె అనిపిచ్చింది. బయానా ఇచ్చిన, తెచ్చుకున్న. మే నెలల జనగామ దాటంగనే డ్యాష్‌బోర్డ్ మీద హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చెయ్యమని వచ్చింది, ఏసీ పెట్టుకొని పక్కకు ఆపిన, పది నిమిషాలకు పోయింది, మళ్ల స్టేషన్ ఘన్‌పూర్ కాడ వచ్చింది. తర్వాత తెలిసిన మెకానిక్ వెనక సీటు పక్కనున్న జాలీ ఊడదీసిండు, లోపల ఫిల్టర్ తీసి చూపెట్టిండు, తెల్లటి దూది పీచు, దుమ్ముతోని కలిసి చిన్న దిండు లెక్క గట్టిపడి ఉన్నది. నేను చేత్తోని పట్టుకుంటే ముద్దగ వచ్చింది. ఆ బండి బ్యాటరీని చల్లబర్చే ఫ్యాన్ కార్ లోపలి గాలినే గుంజుకుంటది, సేటు రోజూ బట్టలకు దూది అంటించుకొని కూసుంటుండె, ఆ దూదంత బ్యాటరీ నోట్లెకు పోయింది. అన్నేండ్లు ఆ బ్యాటరీ ప్యాక్ ఎండాకాలాలు ఊపిరాడక గడిపింది. ఫిల్టర్ తోముతే వార్నింగ్ కొన్నాళ్లు ఆగింది గానీ బ్యాటరీకి పడ్డ దెబ్బ పోలే, వర్షాకాలం ఎల్లకముందే ప్యాక్ లోపలి రెండు మాడ్యూల్స్, అంటె చిన్న బ్యాటరీ ముక్కలు, పోయినయి.

కాబట్టి మోడల్‌ను బట్టి ఆ గాలి జాలీ ఎక్కడున్నదో ముందే తెల్సుకొని పోవుండ్రి. చాలా వాటికి వెనక సీటు దగ్గర్నే ఉంటది. టార్చ్ వేసి చూడుండ్రి, దాని ముందర సంచులు, బూట్లు, పిల్లల బ్యాగులు పెట్టినట్టు గీతలు ఉన్నయా, కుక్క వెంట్రుకలు ఉన్నయా. భూపాలపల్లి, గోదావరిఖని దిక్కు బండైతే నల్ల బొగ్గు దుమ్ము ఉంటది, రామగుండం ఎండ గురించి నేను చెప్పాలెనా. ఓనర్‌ను మాటల్ల వెట్టి అడుగుండ్రి, బండి ఎక్కడ పార్క్ చేస్తరు అని. చెట్టు కిందనా, రేకుల షెడ్డా, నెత్తి మీద ఎండనా. ఇది ఏ కాయితంల దొర్కది.

చూడనీకి పొద్దుగాల పోవుండ్రి, ముందే ఫోన్ చేసి బండి స్టార్ట్ చెయ్యకుండ్రి అని చెప్పుండ్రి. పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టుండ్రి, వెచ్చగ ఉంటె ఎందుకున్నదో అడుగుండ్రి. ఆరింజ్ రంగు వైర్లు కనిపిస్తయి, అవి హై వోల్టేజ్, వాటిని ముట్టకుండ్రి, కనెక్టర్లు ఊడబీకకుండ్రి, చూసుడు వరకే. పాత క్యామ్రీల, టయోటా ప్రయస్‌ల ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంట్‌ను మోటార్‌కు పనికొచ్చేటట్టు మార్చేది) కూలెంట్‌కు వేరే డబ్బా ఉంటది, రెడీ మోడ్‌ల దాని మూత తీస్తే లోపల నీళ్లు సుడి తిరిగినట్టు కదలాలె, కదలకపోతే పంప్ పోయినట్టే.

తర్వాత బండిని నిలబెట్టి ఏసీ ఫుల్ పెట్టి ఊకె కూసోండ్రి, ఇది నాకు మస్తు ఇష్టమైన పరీక్ష ఎందుకంటె ఖర్చు లేదు, అమ్మేటోనికి తొందర ఎక్కువైతది మనకు తెల్సిపోతది. మంచి బ్యాటరీ అయితే ఇంజన్ కొన్ని నిమిషాలు ఆగి, లేచి కొంచెం సేపు నడిచి, మళ్ల ఆగుతది. నిమిషం నిమిషానికి లేచి పండుతుందంటె, బ్యాటరీ గేజ్ పైకి కిందికి ఉరుకుతుందంటె, ప్యాక్ పానం తక్కువున్నట్టు. పాత మోడళ్లల్ల ఇంకోటి వినుండ్రి, బ్రేక్ ఒత్తకున్నా కొన్ని సెకన్లకోసారి బ్రేక్ పంప్ గుయ్యిమనుకుంట ఉంటె అది బ్రేక్ యాక్యుయేటర్, అంటె బ్రేక్‌కు ప్రెషర్ ఇచ్చే పార్ట్, అలసిపోయిన గుర్తు, గా పార్ట్ అగ్గువది కాదు.

అప్పుడు రోడ్డెక్కుండ్రి. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌ల ఒక రౌండ్, అక్కడ నుంచి కాజీపేట బ్రిడ్జి ఎక్కి మడికొండ దాక ఒక రౌండ్. ట్రాఫిక్‌ల మోటార్ మీద ఎంత దూరం పోతుందో చూడుండ్రి, బ్రిడ్జి ఎక్కేటప్పుడు కాలు గట్టిగ ఒత్తుండ్రి, ఇంజన్ గట్టిగ అరుస్తది, అది దాని అలవాటు, భయపడొద్దు, గానీ దడదడ ఊగుడు ఉండొద్దు. బ్రేక్ పాడ్లు ఈ బండ్లల్ల శానా ఏండ్లు వస్తయి ఎందుకంటె మోటారే సగం ఆపుతది, కాని వాడక తక్కువై డిస్కులు తుప్పు పడ్తయి, క్యాలిపర్ పిన్నులు పట్టేస్తయి, చక్రాల సందుల్లకెళ్లి ఒకసారి చూడుండ్రి.

ఒక ఓబీడీ రీడర్, అంటె బండి కంప్యూటర్ల పడ్డ తప్పుల కోడ్‌లు చదివే చిన్న డబ్బా, జేబుల పెట్టుకొని పోవుండ్రి. బ్లూటూత్‌ది అయితే ఫోన్‌లనే అన్నీ కనబడ్తయి. కోడ్‌లు లేవంటె సంబరపడకుండ్రి, రాత్రి క్లియర్ చేసి పొద్దుగాల చూపెట్టేటోళ్లున్నరు. అందుల కోడ్‌లు తుడిచినంక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని ఒక రీడింగ్ ఉంటది, అది పదో పదిహేనో చూపెడితే నమస్తే పెట్టి వచ్చేయుండ్రి. టయోటాల పీ0ఏ80 అనే కోడ్ వస్తే హైబ్రిడ్ ప్యాక్ మార్చే టైమొచ్చిందని అర్థం. యాప్‌ల బ్యాటరీ బ్లాక్‌ల (కొన్ని మాడ్యూల్స్ కలిపిన గుంపుల) వోల్టేజ్‌లు కనిపిస్తే కాలు గట్టిగ ఒత్తినప్పుడు ఒక్క బ్లాక్ మిగతా వాటికంటె ఎక్కువ పడిపోతుందా చూడుండ్రి, పడ్తె అక్కడే రోగం. ఇంకో సంగతి, ఒక్క పోయిన మాడ్యూల్ మార్చి బండి రిపేరైందంటరు, పాతయి ఒక్కొక్కటి లైన్ల నిలబడి పోతనే ఉంటయి, నాకు అదే అయింది. పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ డౌనైతే మాత్రం పిచ్చి పిచ్చి వార్నింగ్‌లు వస్తయి, అది పెద్ద రోగం కాదు, బేరానికి మాత్రం పనికొస్తది.

వారంటీ లెక్క జర కూసొని వేసుకోవాలె. హైరైడర్‌కు, సిటీ హైబ్రిడ్‌కు బ్యాటరీ వారంటీ 8 ఏండ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. బండి ఇప్పటికే 1,45,000 తిరిగిందంటె ఇంక మిగిలింది 15,000. హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయొస్తే సుమారు 290, అంటె యాబై రోజులల్ల వారంటీ ఖతం. ఛాసిస్ నంబర్ పట్టుకొని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోయి, వారంటీ బతికే ఉన్నదా, రెండో ఓనర్‌కు వస్తదా, ఎక్కడన్న రిజెక్ట్ చేసినట్టు రాసి ఉన్నదా అని రాతల తీస్కోండ్రి. అక్కడనే పాత సర్వీస్‌ల మీటర్ రీడింగ్ గూడ చూస్కోవచ్చు, మీటర్ తిప్పింది దొరికేది అక్కడనే. కొత్త ప్యాక్ రేటు అడిగి పెట్టుకోండ్రి, లక్షల్ల మాట, ఆ అంకె చేతుల ఉంటెనే బేరం సక్కగ నడుస్తది.

నీళ్ల ముచ్చట మర్వకుండ్రి. 2020 ఆగస్టుల, 2023 జూలైల మన వరంగల్, హన్మకొండ కాలనీలల్ల ఇండ్లల్లకు నీళ్లొచ్చినయి, కార్లు గూడ మునిగినయి. హైబ్రిడ్ కార్ల మామూలు కార్ కంటె నీళ్లు పెద్ద శత్రువు, బ్యాటరీ కింద ఉంటది గాబట్టి. సీట్ బెల్ట్ చివరి దాక గుంజి చూడుండ్రి, బురద గీత ఉంటె అక్కడ్నే దొరుకుతది, డిక్కీ కింద కార్పెట్ లేపి వాసన చూడుండ్రి.

కాయితాలు మామూలే. ఆర్‌సీ, పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30, లోన్ ఉండి తీరింటె ఫారం 35, చలాన్లు కట్టిండా లేదా. వేరే రాష్ట్రం బండైతే ఎన్ఓసీ, మళ్ల లైఫ్ ట్యాక్స్, ఆ ఖర్చు కలిపితే అగ్గువ బండి అగ్గువ ఉండది. నంబర్ ప్లేట్ మీద మన హన్మకొండ కోడ్ 03 ఉంటె మనోళ్లది అనే సంబరం పక్కకు పెట్టుండ్రి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి 14 రోజులల్ల మార్చుకోండ్రి. టాక్సీ నుంచి తెల్ల బోర్డుకు మారిన బండైతే ఆర్‌సీ చరిత్రల కనబడ్తది.

ఎవ్వలు కొనొద్దు అంటె, వారానికి ఒకసారి గుడికి పోనీకి కారు కావాల్సినోళ్లు, హైబ్రిడ్ జోలికే పోకుండ్రి. రోజంత హైవేల నూటిరవై మీద తిరిగేటోళ్లకు గూడ దాని మైలేజ్ లాభం ఎక్కువ కనబడది, బ్రేక్‌లు కొట్టుకుంట, ఆగుకుంట తిరిగే టౌన్ల అది బతుకుతది. నా రెండోది లక్షా పదమూడు వేల కాడ తీస్కున్న, హైరైడర్. తెచ్చిన తెల్లారి ముందుగాల చేసిన పని జాలీ ఊడదీసి ఫిల్టర్ దులుపుకునుడు, ఈసారి అండ్ల ఒక చాక్లెట్ కాయితం, రెండు బఠాణీలు మాత్రమే దొరికినయి.