చేతిపని వెండి నగలో ఏది సహజం, ఏది లోపం
కడపలో కంసాలి చేత చేయించుకున్న రాళ్ల ఉంగరాన్ని పగటి వెలుతురులో, కిటికీ దగ్గర నిలబడి పరిశీలించాలి. సన్నని సుత్తి గుర్తులు, రెండు వైపులా కాస్త తేడాగా ఉన్న చెక్కడం చేతిపనికి సహజం. నా దృష్టిలో దాని అందమూ అదే. పచ్చరాయి లోపలి గీతలు చాలావరకు భూమిలో రాయి ఏర్పడినప్పుడే పడినవి కాబట్టి వాటిని చూసి నకిలీ అనుకోకూడదు, అయితే గీత పైకి వచ్చి గోటికి తగులుతుంటే రాయి అక్కడ పగిలే ప్రమాదం ఉంది.

అసలు జాగ్రత్త రాయిని నగలో పొదిగిన తీరు విషయంలో కావాలి. రాయి చుట్టూ ఉన్న అంచు మీద దూదిని మెల్లగా రుద్దినప్పుడు పోగు చిక్కుకుంటే అంచు లేచినట్టే. చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టినప్పుడు టకటకమంటే రాయి వదులైనట్టు. అలాంటి నగను ధరించకుండా తిరిగి ఇచ్చి బిగింపించుకోవాలి. వెండి నల్లబడటం మాత్రం పనితనంలోని లోపం కాదు, గాలిలోని గంధకం ప్రభావం.