సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేయడం ఎలా? కష్టమంతా ఆ 250 మాటల్లోనే

దసరా సెలవులు అయిపోయాయంటే చాలు, మా స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర పిల్లలు క్యూ కడతారు. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఎవరో సీనియర్ పంపిన రైటప్, అంటే ఫెలోషిప్‌లో ఏం చేయాలనుకుంటున్నారో చెప్పే 250 మాటల రాత. "సార్, ఇందులో పేరు మార్చేశాను, సరిపోతుందా?" సరిపోదు. పదిహేనేళ్లుగా ఇదే మాట చెప్తున్నాను. ఈసారి రాసి పెడుతున్నాను, చదువుకోండి.

ముందు ఒక అపోహ తీరాలి. అకాడమీ అంటే పెద్ద ల్యాబ్ అనీ, అక్కడికెళ్లి ప్రయోగాలు చేస్తామనీ చాలామంది అనుకుంటారు. అలా కాదు. మన దేశంలో మూడు పెద్ద సైన్స్ అకాడమీలు ఉన్నాయి. 1930లో మేఘనాథ్ సాహా చొరవతో అలహాబాదులో ఒకటి, 1934లో సి.వి.రామన్ పూనికతో బెంగళూరులో ఒకటి, 1935లో కలకత్తాలో మొదలై తర్వాత ఢిల్లీకి చేరినది మరొకటి. ఇవి మంచి శాస్త్రవేత్తలను ఫెలోలుగా ఎన్నుకుంటాయి, పత్రికలు నడుపుతాయి, కాలేజీల్లో లెక్చర్ వర్క్‌షాపులు, టీచర్లకు రిఫ్రెషర్ కోర్సులు పెడతాయి. మూడూ కలిసి ఏటా విద్యార్థులకీ టీచర్లకీ ఇచ్చేదే ఈ వేసవి పరిశోధన ఫెలోషిప్. సెలెక్టయితే ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పనిచేస్తారు. అంటే మీరు చేరబోయేది ఒక మనిషి ల్యాబ్‌లో. ఈ సంగతి గుర్తుంటే రైటప్‌లో సగం తప్పులు రావు.

కాగితాలు

మార్కుల మెమోలు, ఫొటో, రోజూ చూసుకునే ఈమెయిల్. స్కాన్ తిన్నగా, చదవగలిగేలా ఉండాలి. బెడ్‌షీట్ మీద పెట్టి తీసిన ఫొటోలు వద్దు. ఏ సంవత్సరం విద్యార్థులు అర్హులు, మార్కులు ఎంత ఉండాలి అన్నది ఆ ఏడాది ప్రకటనలోనే చూడండి, ఫ్రెండ్ చెప్పింది నమ్మొద్దు. దీనికి ఒక పూట చాలు.

రికమెండేషన్ లెటర్

హెచ్‌ఓడీ దగ్గరికి పరిగెత్తకండి. హోదా ఉన్నవాళ్ల సంతకం కంటే మిమ్మల్ని ల్యాబ్‌లో చూసినవాళ్ల నాలుగు వాక్యాలు మేలు. నా మొదటి రికమెండేషన్‌లో నేను రాసింది ఇది: "ఈ విద్యార్థి క్రమశిక్షణ గలవాడు, సమయపాలన పాటిస్తాడు." చదివినవాళ్లు ఎన్‌సీసీ సర్టిఫికెట్ అనుకుని ఉంటారు. ఆ కుర్రాడు టైట్రేషన్ రీడింగు తేడా వస్తే మూడుసార్లు మళ్లీ చేసేవాడు. ఆ సంగతి రాయాల్సింది, రాయలేదు. అందుకే మీ సార్‌కో మేడమ్‌కో లెటర్ అడిగేటప్పుడు మీరు చేసిన పనులు అర పేజీ రాసి ఇవ్వండి. కనీసం పది రోజుల ముందు అడగండి. ఆఖరి రోజు రాత్రి ఫోన్ చేస్తే నేనైతే ఎత్తను.

రైటప్: ఇక్కడ ఆగండి

ఫెలోషిప్‌లో ఏం చేయాలనుకుంటున్నారో సుమారు 250 మాటల్లో రాయమంటారు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. మార్కులు ఎలాగూ బాగా ఉన్నవాళ్లే అప్లై చేస్తారు. దరఖాస్తులు వేలల్లో వస్తాయి. అన్ని మెమోల మధ్యలో మీరు మనిషిలా కనిపించేది ఈ ఒక్క చోటే.

కొన్నేళ్ల కిందట బాటనీ చదివే ఒక అమ్మాయి తెచ్చిన మొదటి డ్రాఫ్ట్ దాదాపు ఇలా ఉంది: "నాకు చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ప్రాణం. వాతావరణ మార్పులు, క్యాన్సర్, నానోటెక్నాలజీ రంగాల్లో పరిశోధన చేసి సమాజానికి సేవ చేయాలని నా ఆశయం." పైన కలాం గారి సూక్తి ఒకటి.

కాగితం పక్కన పెట్టి, "ఈ ఏడాది నీ చేత్తో నువ్వు ఏం చేశావమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది. ఆకుల అడుగున నెయిల్ పాలిష్ పూసి, ఆరాక సెల్లోటేప్‌తో పొర ఊడదీసి, మైక్రోస్కోప్ కింద పెట్టి పత్రరంధ్రాలు, అంటే ఆకు ఆవిరి వదిలే సన్నటి రంధ్రాలు, లెక్కపెట్టిందట. కాలేజీ గేటు పక్కన దుమ్ములో ఉన్న మందారకూ, లైబ్రరీ వెనక ఉన్న మందారకూ తేడా చూద్దామని. "గన్నేరు కూడా పెట్టాను సార్, కానీ దానికి ముద్ర పడలేదు. పాడు చేశాను."

పాడు చేయలేదు. గన్నేరుకు పత్రరంధ్రాలు ఆకు అడుగున చిన్న చిన్న గుంటల్లో, నూగు మాటున ఉంటాయి. నెయిల్ పాలిష్ అక్కడిదాకా దిగదు. ఆ పాడైన స్లైడుతోనే ఆమె రైటప్ మొదలైంది:

"రోడ్డు దుమ్ము పత్రరంధ్రాలను మూస్తుందా అని చూడటానికి మందార, గన్నేరు ఆకుల ముద్రలు తీశాను. మందారకు వచ్చాయి, గన్నేరుకు రాలేదు. గన్నేరు రంధ్రాలు గుంటల్లో దాగి ఉంటాయని తర్వాత చదివాను. అలా దాగిన రంధ్రాలున్న మొక్కకు దుమ్ము బాధ తక్కువా? మా కాలేజీలో రంధ్రాలను లెక్కపెట్టగలను గానీ, ఆకు ఎంత నీటి ఆవిరి వదులుతోందో కొలవలేను. పోరోమీటర్ ఉన్న చోట ఈ రెండు మొక్కలనూ పోల్చి చూడాలని ఉంది."

ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. చేసిన పని ఉంది, అది ఎక్కడ ఆగిందో ఉంది, అక్కడ పుట్టిన ప్రశ్న ఉంది, రెండు నెలల్లో అయ్యే పని ఉంది. ఆమె ఆ ఏడు సెలెక్టయింది. రైటప్ వల్లే అని చెప్పను, మార్కులూ బాగానే ఉన్నాయి. కానీ ల్యాబ్‌లో అడుగు పెట్టిన రోజే ఏం చేయాలో ఆమెకు తెలుసు.

ఇక నా పద్ధతి. రైటప్ మొదట తెలుగులో రాయాలి. చేత్తో, కాగితం మీద. తర్వాతే ఇంగ్లిష్. దీనికి మినహాయింపు లేదు. "అప్లికేషన్ ఇంగ్లిష్‌లో కదా, రెండుసార్లు పని ఎందుకు" అని మా డిపార్ట్‌మెంట్‌లోనే వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లల రైటప్‌లు చదివితే ఎందుకో తెలుస్తుంది. ఈ అమ్మాయే ఒక డ్రాఫ్ట్‌లో "దుమ్ము బాష్పోత్సేకాన్ని (ఆకు ఆవిరి వదలడాన్ని) మాడ్యులేట్ చేస్తుంది" అని ఇంగ్లిష్‌లో రాసుకొచ్చింది. తెలుగులో చెప్పమన్నాను. అంటే పెంచుతుందా, తగ్గిస్తుందా? నోట మాట రాలేదు. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క మాట వెనక దాక్కోవచ్చు, తెలుగులో పెంచుతుందో తగ్గిస్తుందో ఏదో ఒకటి అనాల్సిందే. ఇంట్లో అమ్మకు చదివి వినిపించండి. "అయితే ఏంటట?" అని ఆవిడ అడిగిందంటే ప్రశ్న ఇంకా సరిగ్గా కుదరలేదు.

మాటల లెక్క కూడా చెప్తాను: చేసిన పనికి 60, ఎక్కడ ఆగిందో 40, ప్రశ్నకు 60, రెండు నెలల ప్లానుకు 60. మిగతా 30 ఖాళీగా వదిలేయండి, నింపాలని చూడకండి.

చేయకూడనివి కొన్ని. రెండు నెలల్లో క్యాన్సర్‌కి మందు కనిపెడతానని రాయొద్దు. సూక్తులు వద్దు. గైడ్, అంటే మీరు ఎవరి దగ్గర పనిచేయాలనుకుంటున్నారో ఆ శాస్త్రవేత్త, రాసిన పేపర్ల నుంచి వాక్యాలు ఎత్తొద్దు, తను రాసిన వాక్యం ఎవరికైనా గుర్తుంటుంది. ఏఐతో రాయిస్తే ఎంత నున్నగా వచ్చినా గన్నేరు ముద్ర పడలేదన్న సంగతి దానికి తెలియదు, ఎందుకంటే ఆ స్లైడు చూసింది మీరే. "ఏ టాపిక్ ఇచ్చినా చేస్తాను" అని రాయడం వినయం అనుకుంటారు. చదివేవాళ్లకు అది ఖాళీ కాగితంతో సమానం.

రాయడానికి నమూనా కావాలంటే సీనియర్ల రైటప్‌లు కాదు, 'రెసొనెన్స్' చదవండి. బెంగళూరు అకాడమీ 1996 జనవరి నుంచి నడుపుతున్న మాసపత్రిక. డిగ్రీ విద్యార్థులకూ టీచర్లకూ అర్థమయ్యేలా శాస్త్రవేత్తలే రాస్తారు, అకాడమీ వెబ్‌సైట్‌లో ఉచితం. మీ సబ్జెక్టులో ఆరు వ్యాసాలు చదివి, ప్రతిదానిలో ప్రశ్న ఎన్నో వాక్యంలో వచ్చిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. జనానికి సైన్స్ చెప్పడానికీ రైటప్ రాయడానికీ పడే కష్టం ఒకటే: తెలియనివాడికి విషయం ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది.

మొత్తం మీద రైటప్‌కి మూడు వారాలు పెట్టుకోండి. ఒక్క రాత్రిలో రాసింది ఒక్క నిమిషంలో పట్టుబడుతుంది.

గైడ్, సబ్మిట్

ఎక్కడికైనా వెళ్తాననకుండా, మీ ప్రశ్నకు దగ్గరగా పనిచేస్తున్నవాళ్లు ఎవరో వెతికి ఉంచుకోండి. మీ ఊరి దగ్గర అకాడమీల లెక్చర్ వర్క్‌షాప్ జరిగితే వెళ్లి, చివర్లో సెల్ఫీ బదులు ఒక ప్రశ్న అడగండి. రెండు వందల మంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ కొట్టే పద్ధతి ఒకటుంది, దాని గురించి మాట్లాడను.

ఆఖరి తేదీకి మూడు రోజుల ముందే సబ్మిట్ చేయండి. లెటర్ చేరిందో లేదో మీ టీచర్‌ని అడిగి తెలుసుకోండి.

సెలెక్టయితే మధ్యలో ఒక రిపోర్టు, చివర్లో ఒక రిపోర్టు ఇవ్వాలి, కాబట్టి మొదటి రోజు నుంచే నోట్‌బుక్ రాయండి. సెలెక్ట్ కాకపోతే అదే రైటప్ మరుసటి ఏడు పంపకండి. ఈలోగా ఏడాది గడిచింది, గన్నేరు ఆకును అడ్డంగా సన్నటి ముక్కలు కోసి ఆ గుంటలు మీరే చూసి ఉండాలి. అక్కడి నుంచి రాయండి. అప్లికేషన్ నంబరు మాత్రం ఫోన్‌లో కాదు, ల్యాబ్ నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకోండి. ఫోన్లు మారుస్తారు, ఆ నంబరు కోసం మళ్లీ నా దగ్గరికే వస్తారు.