వేసవిలో కుటుంబంతో దూరప్రయాణం: ఎక్కడికో ఖాయం చేసుకునే ముందు జాగ్రత్తలు

• ముందు తేల్చుకోవలసింది ఊరి పేరు కాదు, రోజుకు ఎన్ని గంటలు కారులో కూర్చోగలరన్నది. అందరికంటే ఓపిక తక్కువ ఉన్నవారినే, అంటే చంటిపిల్లలనో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారినో, కొలతగా పెట్టుకోండి. రెండు గంటలకొకసారి ఆగాలి. ఫోనులో మ్యాపు ఆరు గంటలు చూపితే, భోజనం, విరామాలు కలిపి ఎనిమిది అనుకోండి. ఆ లెక్కలో ఇమడని చోటు ఎంత అందమైనదైనా ఈసారికి వదిలేయండి. అలసిపోయి చేరితే ఆ అందాన్ని చూసే కళ్లుండవు.

• చల్లదనం కోసమైతే ఎత్తు చూడండి. ప్రతి 1000 మీటర్లకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. అయితే 2500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం మొదలవుతాయి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు వెంట ఉంటే ముందే వైద్యుడిని అడగండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులయ్యే పిల్లలున్నారా? వారి మాటకే విలువ ఇవ్వండి.

• చీకటి పడకముందే చేరేలా బసలు ఎంచుకోండి.

• టైర్లలో గాలి బయలుదేరక ముందు, అవి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. టైరు ఎంత పాతదో తెలియడానికి దాని పక్కభాగం మీద ఉండే నాలుగంకెల తేదీని కూడా చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం.

• ఆపిన కారులో పిల్లలను ఒక్క నిమిషమైనా వదలవద్దు. అద్దాలు కొంచెం దించినా లోపల వేడి పెరుగుతూనే ఉంటుంది.